చిట్టితో కొండల మీదికి రెండు రోజులు: ప్రాజెక్టు డైరీ

ముందు లెక్కలు. చిట్టి మా కుక్క, దానికి ఐదేళ్లు. బరువు 17.4 కిలోలు, ఛాతీ చుట్టుకొలత 61 సెంటీమీటర్లు. దూరం ఒకవైపు 186 కిలోమీటర్లు. అందులో చివరి 34 కిలోమీటర్లు ఘాట్ రోడ్డు, 22 హెయిర్‌పిన్ మలుపులు. కిందికీ పైకీ ఎత్తులో తేడా సుమారు 1,100 మీటర్లు. శనివారం పొద్దున వెళ్లి ఆదివారం సాయంత్రానికి ఇంటికి రావాలి. బండి నడిపేది మా ఆయన. వెనక సీట్లో చిట్టి పక్కన స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చునేది నేను.

మొదటి ప్లాన్ మ్యాప్ ముందేసుకుని చేశాం. ఎన్ని గంటలు పడుతుంది, ఎక్కడ ఆగాలి, ఏమేం చూడాలి అన్నీ రాసుకున్నాం. ఎన్నో నిమిషానికి చిట్టికి కడుపులో తిప్పుతుందో మాత్రం అందులో లేదు. ఆ ప్లాన్ మొత్తం చెడిపోయింది. కింద ఉన్నది రెండోది.

దశ 1: తేదీ (ఆరు వారాల ముందు)

మూడు వారాల్లో వెళ్దామని గది బుక్ చేసేశాం. ఆ తర్వాతే టీకాల పుస్తకం పట్టుకుని డాక్టరు గారి దగ్గరికి వెళ్లాం. ముందు డాక్టరు, తర్వాత గది అయి ఉండాల్సింది.

రేబిస్ టీకా గడువులోనే ఉంది. లెప్టోస్పైరోసిస్ టీకా మాత్రం అసలు వేయించలేదు. ఇది ఎలుకల వంటి జంతువుల మూత్రం కలిసిన నీళ్ల నుంచీ తడి మట్టి నుంచీ అంటుకునే జబ్బు, మనుషులకూ వస్తుంది. కొండల్లో కుక్క ఆగిన ప్రతిచోటా గుంటలో నీళ్లు తాగబోతుంది కాబట్టి వేయించాల్సిందే అన్నారు. మొదటిసారి రెండు డోసులు కావాలి, మధ్యలో మూడు నాలుగు వారాల ఎడం ఉండాలి. రెండో డోసు పనిచేయడానికి ఇంకో రెండు వారాలు. అంటే ప్రయాణం ఆరు వారాల తర్వాతే. గది అడ్వాన్సు తిరిగి రాలేదు.

మీరు చేస్తే ఈ వరసలో చేయండి:

1. టీకాల పుస్తకం తీసి తేదీలు చూడండి. తక్కువ పడినవి వేయించుకుని, చివరి డోసుకు రెండు వారాలు కలపండి. మీ ప్రయాణం తేదీ అది.
2. గోమార్ల మందు అదే రోజు అడగండి. చిట్టికి 12 వారాలు పనిచేసే మాత్ర ఇచ్చారు. మీ కుక్కకు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే ఆ మాట ముందే చెప్పాలి. ఈ తరహా మాత్రల విషయంలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో హెచ్చరిక ఇచ్చింది.
3. మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్) ఉంటే స్కాన్ చేయించి, ఆ 15 అంకెల నంబరు పక్కన ఇప్పటి ఫోన్ నంబరు ఉందో లేదో చూడండి. మాది పాత నంబరు. కుక్క తప్పిపోతే ఆ చిప్ వల్ల మాకు ఏ ఉపయోగమూ ఉండేది కాదు.
4. ఇవన్నీ అయ్యాకే గది.

దశ 2: చిట్టి ఎంతసేపు తట్టుకుంటుంది

నాలుగు చిన్న ప్రయాణాలు చేశాం. స్టాప్‌వాచ్‌లో మూడు గుర్తులు పెట్టుకున్నాను: మొదటి ఆవలింత, పెదాలు నాకడం, చొంగ. వాంతి ఉన్నట్టుండి రాదు. ముందు నిద్ర లేకపోయినా ఆవలిస్తుంది. తర్వాత ముక్కు వైపు నాలుక చాచి గబగబా నాకుతుంది. తర్వాత కింది పెదవి చివర ఒక చుక్క నిలుస్తుంది, అది సన్నటి దారంలా సాగి సీటు మీద పడుతుంది. చిట్టికి ఆ దారం కనిపించాక వాంతికి ఆరు నుంచి పది నిమిషాలు మిగిలి ఉంటాయి. ఇది తెలుసుకోవడానికి నాకు మూడు వాంతులు పట్టాయి. మూడుసార్లూ అది నా వైపే చూసింది, నేను ఏమీ చేయలేకపోయాను.

- 9 కిలోమీటర్లు, తిన్నటి రోడ్డు: చొంగ 14వ నిమిషంలో. వాంతి లేదు.
- 14 కిలోమీటర్లు, మలుపులు: చొంగ 11, వాంతి 19.
- 14 కిలోమీటర్లు, అదే రోడ్డు, అద్దం దించి: చొంగ 13, వాంతి 23.
- 16 కిలోమీటర్లు, తిన్న రెండు గంటలకు: చొంగ 11, వాంతి 17.

నాలుగోది చూశాక తిండి టైము మార్చాం. రాత్రి మామూలుగా పెట్టి, పొద్దున ఏమీ పెట్టకుండా, నీళ్లు మాత్రం కావలసినన్ని ఇచ్చాం. అద్దం దించడం వల్ల కొంచెం మేలే కానీ తల బయట పెట్టనిస్తే కళ్లలో దుమ్ము పడుతుంది. నాలుగు వేళ్ల సందు చాలు.

*ఇప్పటిదాకా: ప్రయాణాలు 4, కిలోమీటర్లు 53, వాంతులు 3.*

దశ 3: ఎక్కడ కూర్చోవాలి, దేనికి కట్టాలి

మొదట పంజరం అనుకున్నాం. తెలిసినవాళ్ల దగ్గర ఒకటి తెచ్చాం. చిట్టికి లోపల నిలబడి తిరగడానికి సరిపోయింది. బండి వెనక డోరులోంచి మాత్రం దూరలేదు. పంజరం ఎత్తు 64 సెంటీమీటర్లు, డోరు సందు 58. డిక్కీలో పెడితే పైన షెల్ఫ్ అడ్డం. పంజరం కొలత చూసుకున్నాం కానీ డోరు కొలత చూసుకోలేదు. టేపు పట్టుకుని మూడు చోట్ల కొలవండి: డోరు సందు, సీటు లోతు, సీటు నుంచి పైకప్పు దాకా.

అందుకని సీటు మీదే, హార్నెస్‌తో (ఛాతీ చుట్టూ తొడిగే పట్టీల కట్టు). కట్టడం ఎందుకంటే ఒక చిన్న లెక్క చెప్తాను. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న బండి దేనికైనా గుద్దుకుని ఆగిపోతే, కట్టని కుక్క అదే వేగంతో ముందుకు పోతుంది. సుమారు 10 మీటర్ల ఎత్తు నుంచి పడితే నేలకు తగిలే వేగం అది. 17.4 కిలోల చిట్టి మూడో అంతస్తు నుంచి పడ్డట్టు. పడేది కూడా మా ఆయన వీపు మీద. ఈ లెక్క కాగితం మీద వేసిన రోజు నుంచీ పాలు తేవడానికి వెళ్లినా దాన్ని కట్టకుండా బండి తీయడం లేదు.

ఇందులో మూడు మార్పులు చేశాం.

మొదటిది హార్నెస్ సైజు. పాతది వదులు. లారీ హారన్‌కు బెదిరి చిట్టి వెనక్కి నడిచింది, తల, ముందు కాళ్లు బయటికి వచ్చేశాయి. అది ఇంటి గేటు లోపల జరిగింది కాబట్టి సరిపోయింది. ఘాట్ రోడ్డు పక్కన అయితే ఏమయ్యేదో నేను ఆలోచించదలచుకోలేదు. కొత్తది ఛాతీ కొలత చూసి కొన్నాం. పట్టీకీ ఒంటికీ మధ్య రెండు వేళ్లు దూరాలి, మూడో వేలు దూరకూడదు. బిగించాక ముందు నుంచి మెల్లగా లాగి చూడాలి.

రెండోది సీటు బెల్టుకు తగిలించే తాడు. 60 సెంటీమీటర్లు ఉన్నది చుట్టూ తిరిగి కాలికి మెలిపడింది. 35కు తగ్గించాం. కూర్చోవచ్చు, పడుకోవచ్చు, ముందు సీటు దాకా రాలేదు. తాడు హార్నెస్ వెనక రింగుకే, మెడపట్టీకి ఎప్పుడూ వద్దు.

మూడోది కాళ్ల కింద పట్టు. సీటు మీద వేసిన గుడ్డ బ్రేకు వేసినప్పుడల్లా జారేది. చిట్టి నాలుగు కాళ్లూ బిగబట్టుకుని నిలబడేది, ఒక్క నిమిషం పడుకునేది కాదు. గుడ్డ కింద రబ్బరు చాప వేసి, కాళ్లు పెట్టుకునే ఖాళీలో గట్టి దిండు కూరాం. 18 కిలోమీటర్ల ప్రయాణంలో ఏడో నిమిషానికే పడుకుంది. పడుకున్న చిట్టికి చొంగ 26వ నిమిషం దాకా రాలేదు. ఈ మొత్తం పనిలో అన్నిటికంటే తక్కువ శ్రమతో ఎక్కువ మేలు చేసింది ఆ రబ్బరు చాపే.

*ఇప్పటిదాకా: ప్రయాణాలు 7, కిలోమీటర్లు 99, వాంతులు 4.*

దశ 4: గ్లాసు పరీక్ష

ఘాట్ రోడ్డు మీద అసలు చిక్కు మలుపులే. దగ్గర్లో ఎనిమిది మలుపులున్న గుట్ట ఒకటి ఉంది. అక్కడ మూడుసార్లు ఎక్కి దిగాం, ఒక్కోసారి 24 కిలోమీటర్లు.

"నేను మెల్లగానే నడుపుతున్నాను కదా" అన్నారు మా ఆయన. స్టీరింగు పట్టుకున్నవాళ్లకు మలుపు ముందే తెలుస్తుంది, ఒళ్లు దానంతట అదే సర్దుకుంటుంది. వెనక పడుకున్న కుక్కకు తెలియదు. అందుకని డ్యాష్‌బోర్డు మీద ఒక స్టీలు గ్లాసు అంటించి, అంచుకు ఒక సెంటీమీటరు కిందిదాకా నీళ్లు పోశాను. నీళ్లు ఒలికితే ఆ మలుపు తప్పినట్టు.

మొదటిసారి, మలుపుల్లో వేగం 25 చొప్పున: ఎనిమిదిలో ఆరు చోట్ల ఒలికింది. వాంతి ఒకటి. రెండోసారి 20: మూడు చోట్ల. మూడోసారి 15: ఒక్కచోట కూడా ఒలకలేదు. చొంగ ఉంది, వాంతి లేదు.

ఇంత తేడా ఎందుకొచ్చిందంటే, మలుపులో పక్కకు తోసే బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది (వేగం రెట్టింపైతే బలం నాలుగింతలు). 25 నుంచి 15కు తగ్గితే ఆ బలం 36 శాతానికి పడిపోతుంది. టైము మాత్రం అంత పోదు. ఎనిమిది మలుపులకూ కలిపి మేం పోగొట్టుకున్నది రెండు నిమిషాల లోపే. మా ఆయన గ్లాసు తీయొద్దన్నారు. ఆ రోజు నుంచీ మలుపు లోపల బ్రేకు వేయడం మానేశారు. వేగం ముందే తగ్గించుకుని, తిరిగేటప్పుడు పాదం కదపకుండా తిరుగుతున్నారు.

*ఇప్పటిదాకా: ప్రయాణాలు 10, కిలోమీటర్లు 171, వాంతులు 5.*

దశ 5: మందు

మళ్లీ డాక్టరు గారి దగ్గరికి స్టాప్‌వాచ్ లెక్కలు పట్టుకెళ్లాను. మారోపిటెంట్ అనే మాత్ర రాశారు, ప్రయాణానికి రెండు గంటల ముందు, చిటికెడు తిండితో. ఇంట్లో పాత మాత్రలు ఉంటే అంచనాగా వేసేయకండి. మామూలు వాంతులకూ ప్రయాణపు వాంతులకూ ఈ మందు మోతాదు ఒకటి కాదు, కిలోకు నాలుగు రెట్ల తేడా ఉంటుంది. మీ కుక్క బరువు చూసి డాక్టరే రాయాలి.

మాత్రతో 40 కిలోమీటర్లు వెళ్లాం. వాంతి లేదు. చొంగ మాత్రం 31వ నిమిషంలో వచ్చింది. ఆవలింతలూ ఉన్నాయి. డాక్టరు గారికి ఫోన్ చేస్తే, మందు వాంతిని గట్టిగా ఆపుతుంది కానీ వికారాన్ని పూర్తిగా తీసేయకపోవచ్చు అన్నారు. ఇది నాకు చాలా ముఖ్యమైన సంగతిగా అనిపించింది. సీటు శుభ్రంగా ఉన్నంత మాత్రాన లోపల కుక్క బాగున్నట్టు కాదు. మందు వేశాం కదా అని మలుపుల్లో వేగం పెంచలేదు, ఆగడాలు తగ్గించలేదు.

*ఇప్పటిదాకా: ప్రయాణాలు 11, కిలోమీటర్లు 211, వాంతులు 5.*

దశ 6: గది

మొదటి చోట "కుక్కలకు అనుమతి ఉంది" అన్నారు. రెండోసారి ఫోన్ చేసి అడిగితే, రాత్రి బయట షెడ్డులో కట్టేయాలట. వద్దనుకున్నాం. ఆ రెండో ఫోన్ చేయకపోతే ఈ సంగతి శనివారం రాత్రి అక్కడికి వెళ్లాక తెలిసేది. ఇప్పుడు నేను అడిగే ప్రశ్నలు:

1. రాత్రి గదిలో మాతోపాటు పడుకోవచ్చా?
2. గది కింది అంతస్తులోనా? అర్ధరాత్రి మూత్రానికి తీసుకెళ్లాలంటే దారి ఎటు?
3. ఆవరణలో వేరే కుక్కలున్నాయా, విప్పి ఉంటాయా?
4. బాల్కనీ ఉంటే కమ్మీల మధ్య సందు ఎంత? కొలిచి చెప్పమనండి.
5. ఎలుకల మందు ఎక్కడైనా పెట్టారా?

ఐదో ప్రశ్న అడిగేవరకూ వాళ్లకే గుర్తు లేదు. పెట్టిన చోటు చూపించి, మేం వచ్చేలోపు తీసేశారు.

చూడాల్సిన చోట్ల పట్టికలో మొదట ఐదు రాశాం. జాతీయ పార్కుల్లో, అభయారణ్యాల్లో చాలాచోట్ల నడకదారుల్లోకి కుక్కలను రానివ్వరు. అలా రెండు పోయాయి. ఇంకొకటి మెట్ల మీద జనం తోసుకునే చోటు, దాన్ని మేమే తీసేశాం. మిగిలినవి రెండు.

"చిట్టిని బండిలో ఉంచి అరగంటలో చూసి వద్దామా" అన్న మాట ఒకసారి వచ్చింది. అందుకే బండిలో థర్మామీటరు పెట్టి కొలిచాను. బయట 26 డిగ్రీలు, సగం నీడ, అద్దాలు రెండు వేళ్లు దించి, లోపల కుక్క లేకుండా. పది నిమిషాలకు 31. ఇరవైకి 35. ముప్పైకి 38. 2005లో స్టాన్‌ఫర్డ్ డాక్టర్లు ఎండలో నిలిపిన కారును కొలిచారు. గంటలో సగటున 22 డిగ్రీలు పెరిగిందనీ, అందులో 80 శాతం మొదటి అరగంటలోనే అనీ, అద్దాలు కొంచెం దించినా పెద్ద తేడా లేదనీ రాశారు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పి చల్లబడాలి. చుట్టూ గాలే వేడిగా ఉంటే ఎంత రొప్పినా లాభం లేదు. ఆ మాట మళ్లీ రాలేదు. చూడాల్సినవి ఒకరి తర్వాత ఒకరం చూడాలి, ఒకరు ఎప్పుడూ చిట్టితో బయటే ఉండాలి.

దశ 7: సామాను

మొదట సర్దినది 14.6 కిలోలు. తగ్గించాక 11.3. నీళ్లే 6 లీటర్లు: రోజుకు కిలో బరువుకు 60 మిల్లీలీటర్ల చొప్పున చిట్టికి లీటరు చిల్లర, రెండు రోజులకు రెండు, రొప్పుతుంది కాబట్టి దానికి రెట్టింపు, కాళ్లు కడగడానికి ఇంకో రెండు. తీసేసినవి కొత్త పరుపు, రెండో గిన్నె, బొమ్మలు. ఉంచినది ఉతకని పాత దుప్పటి. తన వాసన ఉన్న గుడ్డ అది.

మందుల సంచిలో గోమార్లు పీకే పటకారు, గాయానికి కట్టే గాజ్ గుడ్డ, సెలైన్, థర్మామీటరు. కుక్క మామూలు ఉష్ణోగ్రత 38.3 నుంచి 39.2 డిగ్రీలు, మన లెక్కలో చూస్తే జ్వరంలా ఉంటుంది. ఇంట్లో బాగున్న రోజున ఒకసారి చూసి రాసుకోండి. చిట్టిది 38.6.

చివరి రిహార్సల్ 96 కిలోమీటర్లు, అన్నీ ఎక్కించి. వాంతి లేదు.

*ఇప్పటిదాకా: ప్రయాణాలు 12, కిలోమీటర్లు 307, వాంతులు 5.*

దశ 8: శనివారం, ఆదివారం

పొద్దున 4:30కు మాత్ర, 6:30కు బయల్దేరాం. కింద ప్రతి 75 నిమిషాలకూ, ఘాట్ మీద ప్రతి 25 నిమిషాలకూ ఆగాలని ప్లాన్. అనుకున్న టైము 5 గంటల 20 నిమిషాలు, పట్టింది 5 గంటల 48. ఆగిన ప్రతిసారీ డోరు తెరవకముందే చేతి తాడు తగిలించి, ఆ తర్వాత సీటు తాడు విప్పాలి. ఈ వరస ఒక్కసారి కూడా తప్పలేదు. పైకి ఎక్కేటప్పుడు చొంగ రెండుసార్లు, వాంతి లేదు. 17వ మలుపు దాటాక గాలి చల్లబడింది. వెయ్యి మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి పైన ఏడు డిగ్రీల తేడా. చిట్టి లేచి కూర్చుని, ఆ నాలుగు వేళ్ల సందులో ముక్కు పెట్టి, కళ్లు మూసుకుని గాలి పీల్చింది. ఆరు వారాల పని నాకు ఆ ఒక్క నిమిషంలో కనిపించింది.

రాత్రి బాగా గడవలేదు. తెలియని చప్పుళ్లకు రెండింటి దాకా మొరిగింది. దుప్పటి తలుపు దగ్గర వేయడం మా తప్పు. మంచం పక్కకు జరిపాక పడుకుంది.

ఆదివారం పొద్దున గడ్డిలో నడిచి వచ్చాక వేళ్లతో తడిమాను: చెవుల లోపల, మెడపట్టీ కింద, చంకల్లో, వేళ్ల మధ్య, తోక కింద. ఎడమ చెవి అంచున ఒక గోమారి. మాత్ర వేసినా గోమారి కరవకుండా ఉండదు, కరిచాకే చస్తుంది. పటకారుతో చర్మానికి ఆనుకుని పట్టి నిదానంగా నిటారుగా లాగాను. తేదీ రాసుకున్నాను.

దిగేటప్పుడు తప్పు చేశాం. వాన మొదలవుతోందని ఒక చోట ఆగకుండా వచ్చేశాం. గ్లాసులో నీళ్లు ఒలకలేదు, మాత్రా వేశాం. అయినా 39వ నిమిషంలో వాంతి. దిగుడులో ఇంజన్ గేరు పట్టి ఆపుతున్నప్పుడు ముందుకూ వెనక్కూ ఊగే ఊపు వేరు. ఆ ఊపును మా గ్లాసు పట్టుకోలేదు, చిట్టి కడుపు పట్టుకుంది. వచ్చేసారికి మార్పు: దిగేటప్పుడు నిమిషాలు కాదు, ప్రతి ఆరు మలుపులకూ ఆగాలి, వాన వచ్చినా సరే.

తాగిన నీళ్లు 3.4 లీటర్లు, కాళ్లకు 1.8.

*మొత్తం: ప్రయాణాలు 15 (పైన తిరిగిన 21 కిలోమీటర్లతో కలిపి), కిలోమీటర్లు 700, వాంతులు 6.*

తర్వాత

గోమార్ల వల్ల వచ్చే ఎర్లికియా జ్వరం బయటపడటానికి ఒకటి నుంచి మూడు వారాలు పట్టవచ్చు. అందుకని రోజూ పొద్దున ఉష్ణోగ్రత, తిండి, చిగుళ్ల రంగు రాస్తున్నాను.

7వ రోజు: 38.5. తిండి మామూలే.

14వ రోజు: 38.8. సాయంత్రం మళ్లీ చూస్తే 38.6.

21వ రోజు: 38.6. చిగుళ్లు గులాబీ రంగులోనే ఉన్నాయి. చెవి అంచున పొక్కు ఊడిపోయింది, అక్కడ కొత్త వెంట్రుకలు వస్తున్నాయి.